పిట్ట నోట మేడం గొంతు

ఆ పిల్లను బడిలో అందరూ పిట్ట అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వచ్చేది కాదు. ఎవరి గొంతు విన్నా ఇట్టే పట్టేసి, అచ్చు గుద్దినట్టు వాళ్ళలాగే మాట్లాడి చూపించేది కాబట్టి ఆ పేరు. ప్యూను దగ్గు, లెక్కల సారు విసుగు, క్యాంటీను ఆవిడ "తోసుకోకండర్రా, అందరికీ ఉందర్రా" అని పెట్టే కేక, ఏది కావాలంటే అది ఆ గొంతులో సిద్ధంగా ఉండేది. గొప్ప విద్యే, కాదనడానికి లేదు. కానీ ఆ విద్యతో ఒకరోజు తాను చేసిన పని తలచుకుంటే పిట్టకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ విద్య ఆమెకు ఇంట్లోనే అబ్బింది. వాళ్ళమ్మ ఇంటి ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడిపేది. రెండు కుర్చీలు, గోడకు పెద్ద అద్దం, మూలన ఓ బేసిను, అంతే పార్లర్. లోపలి గదికి అడ్డంగా ఒక కర్టెను. ఆ కర్టెను వెనక మంచం మీద కూర్చుని హోంవర్కు చేస్తున్నట్టు నటిస్తూ పిట్ట ఒళ్ళంతా చెవులు చేసుకుని వినేది. అమ్మ దారం కొస పళ్ళతో పట్టుకుని కనుబొమలు సరిచేస్తుంటే, కుర్చీలో తల వెనక్కి వాల్చిన ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని అత్తగార్ల గురించీ ఆడపడుచుల గురించీ ఏకరువు పెట్టేవాళ్ళు. ఆఖరి మనిషి వెళ్ళిపోయాక పిట్ట అదే కుర్చీలో కూలబడి ఒక్కొక్కరినీ దించేసేది. జుట్టు ఊడుస్తున్న అమ్మ చీపురు వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వేది. బస్సు డ్యూటీ దిగి వచ్చిన నాన్న చొక్కా విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "ఇంకోటి చెయ్యవే" అని అడిగేవాడు. అమ్మ పెట్టిన షరతు మాత్రం ఒక్కటే. వీధి తలుపు వేశాకే చెయ్యాలి.

"ఆ మనిషి చెవిన పడిందా, నీ వీపు చీరేస్తా" అనేది అమ్మ.

పదో తరగతి ఎలాగోలా గట్టెక్కాక పిట్ట సాహిత్యం గ్రూపు తీసుకుంది. ప్రేమా దోమా ఏం లేదు. లెక్కలు ఎంత రుద్దినా బుర్రకెక్కలేదు, సైన్సు అంటే కప్పను కొయ్యాలన్నారు. సాహిత్యమైతే కథలు చదువుకుంటూ కాలు మీద కాలేసుకుని రెండేళ్ళు గడిపెయ్యొచ్చు అనుకుంది. నాన్న మాత్రం, "కథలు చదవడానికి బడిదాకా ఎందుకే, ఇంట్లో మంచం ఉందిగా" అన్నాడు. చుట్టాలెవరైనా అడిగితే అమ్మ "ఏదో గ్రూపు తీసుకుందిలే" అని మాట మార్చేసేది. బడిలోనూ అంతే. సైన్సు పిల్లలు వరండాలో ఎదురైతే, "ఏంటే, ఇవాళ ఏం ఏడ్చారు మీ క్లాసులో?" అని అడిగేవాళ్ళు. పిట్ట కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది. నవ్వకపోతే చులకనైపోతానని భయం.

మొదటి పరీక్షకు పిట్ట గైడు మొత్తం బట్టీ పట్టింది. 'కవి ఈ ఖండికలో మానవ జీవితంలోని అశాశ్వతత్వాన్ని హృద్యంగా ఆవిష్కరించారు' అని మొదలుపెట్టి, అడిషనల్ షీట్లు కూడా అడిగి మరీ రాసింది. సాహిత్యం మేడం ఆ జవాబంతా నిలువునా కొట్టేసి, కింద ఎర్ర సిరాతో 'ఇది గైడు రాసింది. నువ్వేమనుకున్నావు?' అని రాసిచ్చింది. పిట్టకు ఒళ్ళు మండిపోయింది. నేనేమనుకుంటే ఎవడిక్కావాలి, మార్కులు వేస్తే చాలదా అని క్లాసు అయ్యేదాకా సణిగింది.

ఆ మేడం సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్ళజోడు ఎప్పుడూ నెత్తిమీదే. పుస్తకంలో వేలు పెట్టుకుని క్లాసులోకి వచ్చి, కిటికీ పక్కన నిలబడి, తనే గట్టిగా చదివేది. తొందర లేని గొంతు. చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. పెదవులు బిగించి, కళ్ళు మూసుకుని, వేలు పైకెత్తేది. కాసేపయ్యాక, "ఆగండి. ఇంకోసారి చదువుదాం" అని వాక్యం మొదటికి వెళ్ళేది. పాపం, ఆవిడ మనసు సున్నితం, కథలో లీనమైపోతుంది అని పిల్లలు చెప్పుకునేవాళ్ళు.

ఒకరోజు ఒక కథ చదువుతోంది. ఆసుపత్రి నుంచి ఒంటరిగా ఇంటికొచ్చిన ముసలాయన వంటగదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగిస్తాడు. 'అతను రెండు కప్పులు తీసి, ఒకటి' అని చదివి మేడం ఆగిపోయింది. పెదవులు బిగించింది, వేలెత్తింది. "ఆగండి. ఇంకోసారి చదువుదాం." మళ్ళీ మొదటినుంచి, నెమ్మదిగా, 'అతను రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టాడు.' మొదటిసారి చదివినప్పుడు కప్పులు కప్పుల్లాగే ఉన్నాయి. రెండోసారికి క్లాసులో ఎవరూ కదల్లేదు. ఆ రెండో కప్పు ఎవరిదో, ఆ మనిషి ఇక ఎందుకు రాదో, ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. పిట్ట పక్కనున్న పిల్ల ముక్కు ఎగబీల్చింది. పిట్ట గైడు తీసి చూస్తే, 'ఈ కథలో రచయిత వృద్ధాప్యపు ఒంటరితనాన్ని చిత్రించారు' అని ఉంది. పిట్ట గైడు మూసేసి మళ్ళీ తెరవలేదు.

అప్పటినుంచి పిట్ట ప్రతి వాక్యం రెండుసార్లు చదవడం అలవాటు చేసుకుంది, అదీ మేడం గొంతుతోనే. ఇంట్లో ఆ గొంతు ఎత్తుకుని చదివితే గానీ ఆమెకు రుచించేది కాదు. మేడం మాత్రం ఆమెను పిట్టా అనేది కాదు, చిలకా అని పిలిచేది. తనకొక్కదానికే పెట్టిన ముద్దుపేరు అనుకుని పిట్ట లోలోపల మురిసిపోయేది.

ఆ ఏడాది చివర్లో ప్రిన్సిపాల్ తెగేసి చెప్పాడు. వచ్చే ఏడు సరిపడా పిల్లలు చేరకపోతే సాహిత్యం సెక్షన్ ఎత్తేస్తారట. మేడం చిన్న తరగతులకు వెళ్ళి చేతిరాత నేర్పుకోవాలి. పదో తరగతి పిల్లలకు 'సీనియర్ల మాట' అని ఏటా ఒక సభ జరిగేది. ఒక్కో గ్రూపు నుంచి ఒకరు వేదిక ఎక్కి, తాము ఎలా చదివారో, ఆ గ్రూపు ఎందుకు తీసుకోవాలో చెప్పాలి. సాహిత్యం తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్నే రాలేదు.

"నువ్వు చెప్పు చిలకా" అంది మేడం. "నీకు నోరుంది, నాకు లేదు. ఎలా చదివావో, నీకేం దొరికిందో, అంతే చెప్పు. అది చాలు."

పిట్ట ఎంత శ్రద్ధగా తయారైందనుకున్నారు! గైడు జోలికి పోవద్దని చెప్పాలి. మొదటిసారి అర్థం కాకపోతే సిగ్గుపడక్కర్లేదని చెప్పాలి. జవాబులో బరువైన మాటలు గుప్పించకుండా, చదువుతూ ఎక్కడ ఆగాలనిపించిందో అక్కడినుంచే రాయడం మొదలుపెట్టమని చెప్పాలి. అన్నిటికన్నా ముందు, పైకి చదవండి, రెండుసార్లు చదవండి అని చెప్పాలి. ఆ కప్పుల కథ కూడా చెప్పాలి. అద్దం ముందు పార్లర్ కుర్చీలో కూర్చుని అమ్మకు అంతా అప్పజెప్పింది కూడా.

సభ రోజున సైన్సు వాళ్ళు తెర దించి రంగురంగుల బొమ్మలు చూపించారు. కామర్స్ వాళ్ళు ఏ ఉద్యోగాలొస్తాయో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. పిట్ట వంతు వచ్చేసరికి హాల్లో ఉక్క, ఆకలి. ఆమె "గైడు చదవొద్దు" అనగానే వెనక వరసల్లో కబుర్లు మొదలయ్యాయి. "అర్థం కాకపోతే సిగ్గుపడొద్దు" అనేసరికి ఎవడో గట్టిగా ఆవులించాడు. పక్కన నిలబడ్డ సైన్సు స్నేహితురాళ్ళు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. హాలు చివర స్విచ్చు బోర్డు దగ్గర మేడం నిలబడి, తల కొద్దిగా ముందుకు వంచి వింటోంది. సెక్షన్ పోతుంది, నా మూలంగా పోతుంది అనుకుంది పిట్ట. నిజం చెప్పాలంటే ఆ భయంకన్నా, నన్నెవరూ వినడం లేదన్న ఉక్రోషమే ఎక్కువ.

ఆ ఉక్రోషంలో లెక్కల సారు గొంతు ఎత్తుకుంది. "ఏమ్మా, సున్నాకు కూడా చోటు వదల్లేదా పేపర్లో?" హాలు ఒక్కసారి గొల్లుమంది. లెక్కల సారు కూడా నవ్వాడు. ప్యూను దగ్గు దగ్గింది. ఇంకా నవ్వారు. ముందు వరసలో పిల్లలు లేచి నిలబడ్డారు. "ఇక మా సాహిత్యం క్లాసు ఎలా ఉంటుందో చూడండి" అంది పిట్ట. లేని పుస్తకంలో వేలు పెట్టి, లేని కళ్ళజోడు నెత్తిమీదకు తోసింది.

'అతను రెండు కప్పులు తీసి, ఒకటి...' ఆగింది. పెదవులు బిగించింది, కళ్ళు మూసింది, వేలెత్తింది. "ఆగండి. ఇంకోసారి చదువుదాం."

హాలు పగలబడి నవ్వింది. పిట్ట గాల్లో తేలిపోయింది. మళ్ళీ చదివింది, మళ్ళీ ఆగింది. నవ్వు రెట్టింపైంది. మూడోసారి పెదవులు బిగించినప్పుడు తెలిసింది ఆమెకు. పెదవుల వెనక మాట ఉంది. 'మళ్ళీ' అనే మాట అక్కడే ఇరుక్కుని కొట్టుకుంటోంది, బయటికి రావడం లేదు. అది ఏడుపు కాదు, లీనమవడం అంతకన్నా కాదు. వేరొకరి నోరు అరువు తెచ్చుకున్నందుకు ఆ నోటి కష్టం తన నోట్లోకి వచ్చింది. ఆపేద్దామనుకునేలోపే మూడో వరసలోంచి ఎవరో అరిచారు.

"ఒరేయ్, మేడంకి నత్తిరా!"

పిట్ట కళ్ళు తెరిచింది. వరసలన్నీ తలలు తిప్పి స్విచ్చు బోర్డు వైపు చూస్తున్నాయి. అక్కడ మేడం కూడా నవ్వుతోంది, అందరూ నవ్వేటప్పుడు నవ్వాలి కాబట్టి. చప్పట్లు కూడా కొట్టింది. పిట్టకు కాళ్ళకింద నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం అమ్మ చివరి కస్టమర్‌ను పంపించి, "ఎలా జరిగిందే?" అని అడిగింది. పిట్ట చెప్పింది. లెక్కల సారు దగ్గర అమ్మ నవ్వింది, ప్యూను దగ్గర నవ్వింది. మేడం దగ్గరకొచ్చేసరికి చేతిలో దువ్వెన పక్కన పెట్టింది.

"ఆవిడ అక్కడే ఉందా?"

"ఉంది."

"తలుపు వేశాక కదే మనం చేసేది" అంది అమ్మ. తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తిట్టినా బాగుండేది. నాన్న వచ్చి "ఇంకోటి చెయ్యవే" అంటే అమ్మే కళ్ళతో వారించింది. పిట్ట కర్టెను వెనక ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడుస్తూనే ఒక్కొక్కటీ చెవుల్లోకి తెచ్చుకుంది. మేడం ఎప్పుడూ 'బాగుంది' అనదు, 'చక్కగా ఉంది' అంటుంది. 'పుస్తకం తియ్యండి' అనదు, 'వాచకం తియ్యండి' అంటుంది. పెదవులు కలిస్తే గానీ పలకని అక్షరంతో ఏ మాట మొదలైనా, దాన్ని తప్పించుకుని పక్కదారిన వెళ్తుంది. తనను చిలకా అని పిలిచేది కూడా అందుకే. పుస్తకంలో అచ్చయిన మాటను మాత్రం మార్చలేదు కదా, అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, ఊపు తెచ్చుకుని దాటుతుంది. ఇన్నేళ్ళుగా ఎవరి కంటా పడకుండా ఆవిడ అలా నెట్టుకొస్తే, పిట్ట హాలంతటికీ దీపం పెట్టి చూపించింది. చెవులున్నది దేనికి? ఏడాదిపాటు అంత శ్రద్ధగా విని, వినాల్సిందొక్కటే వినలేదని తనను తానే తిట్టుకుంది.

ఇక్కడితో అయిపోతే సరిపోయేది. సెలవుల తర్వాత చూస్తే సాహిత్యానికి పిల్లలు విరగబడి చేరారు. బెంచీలు చాలక పక్క గదిలోంచి మోసుకొచ్చారు. ప్రిన్సిపాల్ పిట్టను పిలిచి భుజం తట్టి, "నీ వల్లే సెక్షన్ నిలబడిందమ్మా" అన్నాడు. వాళ్ళంతా ఎందుకు చేరారో పిట్టకు తెలుసు. క్యాంటీను దగ్గర కొత్తపిల్లలు ఆమెను చూడగానే పెదవులు బిగించి వేలెత్తుతున్నారు. ఆ మెచ్చుకోలుకు ఆమె తల ఎత్తలేకపోయింది.

పిట్ట వాళ్ళ క్లాసులో మేడం చదవడం మానేసింది. వచ్చి కుర్చీలో కూర్చుని, "నువ్వు చదువు" అని పుస్తకం ఎవరో ఒకరికి ఇచ్చేసేది. వారం గడిచాక పిట్ట ఇక ఉండబట్టలేక స్టాఫ్ రూముకు వెళ్ళింది. మేడం ఒక్కతే ఉంది, జవాబు పత్రాలు దిద్దుతోంది.

"సారీ మేడం. నాకు తెలీదు మేడం. ఒట్టు, నిజంగా తెలీదు."

మేడం కలం ఆపి ఆమెవైపు చూసింది. "తెలీకుండానే అంత కచ్చితంగా చేశావా?" అని అడిగింది. ఎత్తిపొడుపేమో అని పిట్ట చెవులు రిక్కించి వింది. కాదు, ఆవిడకు నిజంగానే ఆశ్చర్యంగా ఉంది.

"నా చెల్లెలికి తప్ప ఎవరికీ తెలీదు" అంది మేడం. "ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా దాటేశాను. సరేలే. సెక్షన్ నిలిచింది, అదంతా నీ చలవే."

"మీరు ఇక చదవరా మేడం?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "రేపు కొత్తవాళ్ళకు ఆ కప్పుల కథ నేనే చదువుదామనుకుంటున్నాను. చూద్దాం, ఎలా ఉంటారో."

పిట్టకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఒక్కసారి చదివితే చాలు, కొత్తవాళ్ళు ఒక్కసారి సరిగ్గా వింటే చాలు, తాను చేసిన పాడుపని కొట్టుకుపోతుంది అనుకుంది. వాళ్ళు నవ్వకుండా చూడాలి, అంతే. మర్నాడు తన క్లాసు ఎగ్గొట్టి, మేడంకన్నా ముందే కొత్త సెక్షన్‌లోకి వెళ్ళి నిలబడింది.

"అక్కొచ్చింది! అక్కా, ఒక్కసారి చెయ్యక్కా, ఒకే ఒక్కసారి!"

"చెయ్యను. ఇప్పుడు మేడం వచ్చి చదువుతారు. ఎవరైనా నవ్వారంటే ఊరుకోను."

"నేను చేస్తా, నాకొచ్చు" అని ముందు బెంచీ పిల్ల లేచింది. కళ్ళు మెల్లచేసి, మూతి సున్నాలా చుట్టి, "ఆ, ఆ, ఆగండి" అంటూ తల కొట్టుకుంది. గది దద్దరిల్లింది.

"ఆవిడ అలా చదవదు!" అని పిట్ట అరిచింది.

"మరెలా చదువుతారక్కా?" అని ఆ పిల్ల అడిగింది. ఎగతాళి కాదు, తెలుసుకుందామనే అడిగింది. నిజమే, ఆ పిల్ల మేడం చదవగా ఒక్కసారి కూడా వినలేదు.

చూపించాలి అనుకుంది పిట్ట. ఆ గొంతు ఎంత నెమ్మదో, ఆ ఆగడంలో ఎంత ఉందో, రెండోసారి చదివినప్పుడు ఏం జరుగుతుందో, అది చూపించగలిగేది ఈ బడిలో తానొక్కతే. బెంచీ మీద పుస్తకం అందుకుని కథ తెరిచింది. ఈసారి నవ్వించడానికి కాదు. దణ్ణం పెట్టినంత భక్తిగా మేడం గొంతు తెచ్చుకుని, "అతను" అంది.

ఒక్క మాటే. అంతే, గది గొల్లుమంది. బెంచీలు చరిచారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. "నవ్వకండి, వినండి, నేను నిజంగా చదువుతున్నా" అని పిట్ట బతిమాలింది. కంగారులో ఆ మాట కూడా మేడం గొంతులోనే వచ్చింది. వాళ్ళు ఇంకా నవ్వారు. నవ్వు ఉన్నట్టుండి తలుపు వైపునుంచి తగ్గుతూ వచ్చింది. పిట్ట తల తిప్పింది.

గుమ్మంలో మేడం నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. పుస్తకంలో వేలు ఉంది.

"మేడం, అది కాదు మేడం, నేను..." అంది పిట్ట. ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? చేతిలో తెరిచిన పుస్తకం, ఎదురుగా కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వు ఆపుకుంటున్న క్లాసు.

"అయిందా చిలకా?" అంది మేడం మెల్లగా. "నీ క్లాసుకు వెళ్ళు. ఆలస్యం అవుతోంది."

లోపలికి వచ్చి, పుస్తకంలోంచి వేలు తీసి, ఆ పుస్తకం ముందు బెంచీ పిల్ల చేతికిచ్చింది. "నువ్వు చదువు తల్లీ."

పిట్ట వరండాలో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. లోపల ఆ పిల్ల గడగడా చదివేస్తోంది, ఎక్కడా ఆగడం లేదు. తర్వాత ఇంకో పిల్ల, ఆ తర్వాత ఇంకొకరు. మేడం గొంతు ఒక్కసారైనా వినిపిస్తుందేమోనని పిట్ట గంట కొట్టేదాకా అక్కడే ఉంది. వినిపించలేదు.